చుట్టుగట్టు

"మీరు నీటిలో ఉన్నట్టు కనిపిస్తోంది. కొనసాగించాలా?" అని ఫోన్ మళ్ళీ అడిగింది.

ఇందుజ కాళ్ళ కిందికి చూసుకుంది. ఎండి నెర్రెలిచ్చిన బంకమట్టి, మేకల పెంటికలు, ఎవరో పారేసిన చేపల మేత సంచీ. కుడి పక్క నీళ్ళున్నాయి, ఎడమ పక్క నీళ్ళున్నాయి. కాళ్ళ కింద మాత్రం లేవు. 'అవును' అన్నచోట నొక్కింది. పొద్దుట ఎనిమిదింటి నుంచి ఇది పదమూడోసారి. ఆ ఫోన్లో ఉన్న పటం ఏ కాలం నాటిదో, దాని దృష్టిలో దోనెలంక చుట్టూ ఉన్నదంతా కొల్లేరే. లంకను చుట్టి ఒక గట్టు ఉందనీ, దాని మీద మనుషులు నడుస్తారనీ దానికెవరూ చెప్పినట్టు లేదు.

"నొక్కేశారా?" అని ముందునుంచి కేకేశాడు హేమంత్‌కుమార్.

"నొక్కానండి."

"నొక్కకపోతే గీత తెగిపోద్దండీ. తెగిందా, మళ్ళీ మొదట్నించి నడవాలి."

ఆ మాట అతను చెప్పడం ఐదోసారి. నడిచేది మాత్రం ఇందుజే. అతను ఊళ్ళో ఎవరిదో మోటార్‌సైకిల్ తీసుకుని అర కిలోమీటరు ముందుకెళ్ళి, నీడ కనిపించినచోట ఆపుకుని, ఆమె వచ్చేదాకా ఫోన్లో మాట్లాడుకుంటూ కూర్చుంటున్నాడు. వీలుంటే అతను బండి మీదే గీత గీసేవాడు. కానీ ఆ ఫోన్ మనిషి నడిచే వేగం తప్ప ఇంకో వేగం ఒప్పుకోదు.

లంక చుట్టూ పంతొమ్మిది కిలోమీటర్లు. చలికాలం గూడబాతుల్ని చూడవచ్చే పట్నంవాళ్ళ కోసం ఈ గట్టును నడకదారి చేస్తున్నారు. ఆదివారం ప్రారంభం. ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి నడక సంఘాలవాళ్ళు వస్తారు. ఆలోపు ఎవరైనా ఫోన్ పట్టుకుని మొత్తం నడిస్తే, ఆ నడిచిన మేర పటం మీద నీలం గీత పడుతుంది. ఆ గీతే దారి. హేమంత్‌కుమార్ ఆ పని ఒప్పుకున్న సంస్థ తాలూకు మనిషి. ఇందుజ ఊరి సచివాలయంలో సర్వే సహాయకురాలు. అత్తిలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. నడవమంటే కాదనలేని ఉద్యోగం.

నత్తగుల్ల కొంగలు గుంపుగా లేచినచోట హేమంత్‌కుమార్ బండి దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అబ్బ! వ్యూ చూశారా? ఇక్కడ సన్‌రైజ్ పాయింట్ అని పెట్టండి."

"ఇది పడమరండి. ఇక్కడ పొద్దు గుంకుద్ది."

"అయితే సన్‌సెట్ పాయింట్ పెట్టండి. ఏదో ఒకటి."

ఆమె ఏదో ఒకటి పెట్టింది. చెప్పులో చేరిన మట్టిపెళ్ళను ఒంటికాలి మీద నిలబడి దులుపుకుంది. అంతలో ఫోన్, మీరు నీటిలో ఉన్నట్టు కనిపిస్తోందని మళ్ళీ అంది.

మొదటిరోజు పదకొండు కిలోమీటర్లయ్యాయి. గదికి వెళ్ళేసరికి కళ్ళు మూస్తే గట్టే కదులుతోంది.

గురువారం మిగిలిన ఎనిమిదీ. లంకకు పడమటి కొసన ఉన్న చివరిపేట దాటగానే గట్టుకు అడ్డంగా ఇనుప తలుపు వచ్చింది. మనిషెత్తు తలుపు, రెండు పక్కలా ముళ్ళకంచె. ఆ లోపల గట్టుకు అటూ ఇటూ కనకరాజుగారి రొయ్యల చెరువులు. లోపల గట్టు ఆరువందల మీటర్లు గుర్రపునాడాలా వంపు తిరిగి, ఒక కాలవకు ఆ ఒడ్డున, రేవు వైపు, అలాంటిదే ఇంకో తలుపు దగ్గర తేలుతుంది. ఆరోజు చివరిపేట వైపు తలుపు బార్లా తీసి ఉంది. లోపల పాతికమంది ఆడా మగా పార్లతో మట్టి తవ్వి తట్టలతో గట్టు మీద పోస్తున్నారు.

చెరువు పనేమో అనుకుంది ఇందుజ. ఫోన్ ఆపకుండా నడుస్తూనే, తడిమట్టిని మడమతో తొక్కుతున్న ఒకావిడను అడిగింది.

"చెరువు పనాండి?"

"చెరువు మనదా ఏంటమ్మా? గట్టు పని." ఆవిడకు యాభై దాటి ఉంటాయి. చీర మోకాళ్ళ పైకి దోపి ఉంది. మోచేతుల దాకా మట్టి. "ఇదిగో, ఈ మొల్లపొద కాడ్నుంచి ఆ మెరకదాకా మావి నలభై బారలు. వరద తీశాక ఇంటికో మనిషి ఎవరి బారలు వాళ్ళు పూడ్చుకోవాలి. మా మామగారి తాతలనాటి వాడుక. ఏ ఒక్కరు మానేసినా గండి పడేది చివరిపేట మీదికే కదా."

బార అంటే చేతులు రెండూ చాచినంత. చెప్తూ ఆవిడ చేతులు చాచి చూపించింది. మట్టి చుక్కలు ఇందుజ దుపట్టా మీద పడ్డాయి.

"అయ్యో, చూడలేదండీ అమ్మాయిగారూ."

"పర్లేదండి. మీ పేరు?"

"వీరరాఘవమ్మంటారు."

అవతలి తలుపు బయట కనకరాజుగారు గొడుగు నీడలో కుర్చీలు వేయించి ఉన్నారు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. కాపలావాడు అబ్బులు చేత కొబ్బరిబోండాలు కొట్టించారు. "నడిచొచ్చారా అంతదూరం? ఆడపిల్లండీ, పాపం," అని హేమంత్‌కుమార్ని మందలించినట్టుగా అన్నారు. కుర్చీల వెనక కొత్తగా నిలబెట్టిన సిమెంటు స్తంభాలున్నాయి. నడకదారి మొదలైతే అక్కడ చేపల వేపుడు హోటల్ పెడతారట. పిల్లలు కూర్చోడానికి ఊయల కూడా.

"ఇదిగోనండి, మీరడిగిన కాగితం," అని హేమంత్‌కుమార్ చేతికొకటిచ్చారు. అతను చదివి, మురిసిపోయి, ఇందుజకిచ్చాడు.

నా స్వాధీనంలో ఉన్న నా గట్టు మీదుగా నడవడానికి నడకదారి ప్రయాణికులను దయతో అనుమతిస్తున్నాను. తలుపులూ తాళాలూ నా అజమాయిషీలోనే ఉంటాయి.

ఇందుజ రెండుసార్లు చదివింది.

"గట్టు మీదాండి?" అంది.

"లీజు నాదేగా అమ్మా," అన్నారు కనకరాజుగారు నవ్వుతూ.

"మీరవన్నీ పెట్టుకోకండి ఇందుజగారూ," అన్నాడు హేమంత్‌కుమార్. "గీతకి ఈ లెటర్ తగిలించేశామంటే ఇంక అదే రికార్డు. రేపెవడూ మనల్ని అడగడు."

వాళ్ళు దాటొచ్చిన తలుపు మూసేశారు. అబ్బులు తాళం తిప్పుతున్నాడు. లోపలినుంచి వీరరాఘవమ్మ గబగబా వచ్చింది.

"అబ్బులూ, ఉండు ఉండు. నన్నూ వదులు. రేవులో బేసిన్లు వదిలేసొచ్చాను, తెచ్చుకోవాలి."

"నీకు ఇటు లేదు కదమ్మా."

"ఇక్కడిదాకా వచ్చాను కదరా. పది అడుగులు."

"నాకు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. ఇటు వదిలానంటే రేపు మీ పేటంతా ఇటే వస్తారు. అటు తలుపులోంచే వచ్చావు, అటే వెళ్ళు. పొద్దుగుంకితే అదీ ఉండదు."

కనకరాజుగారు గొడుగు కింద హేమంత్‌కుమార్‌తో ఊయల గురించి మాట్లాడుతున్నారు. ఆ మాటలు ఆయనకు వినిపించేంత దూరమే. తలుపు చువ్వల అవతల వీరరాఘవమ్మ ఒక నిమిషం నిలబడింది. చేతి మట్టిని చువ్వకు రాసి, వెనక్కి తిరిగింది. కొత్తగా పోసిన మట్టి మీద కాలు పడకుండా పక్కపక్కగా నడుచుకుంటూ ఆరువందల మీటర్లు వెళ్ళింది. ఆ చివరి తలుపు దాటింది. పక్కకు దిగింది. చెరువులకు నీళ్ళు తెచ్చే కాలవలో నడుందాకా మునిగి, చేతులు పైకెత్తుకుని, ఇవతలి గట్టుకు అడ్డంపడి వస్తోంది.

"కొబ్బరి తినరా?" అన్నాడు హేమంత్‌కుమార్.

ఇందుజకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. తలుపు తీసి మట్టి వేయించుకున్నారు. నడవబోతే మూసేశారు. ఆ మట్టి తడైనా ఆరలేదు. తను దాని మీదే నడిచొచ్చింది, ఫోన్ పట్టుకుని.

"కడుపు నిండిందండి," అంది.

సాయంత్రం సచివాలయంలో కూర్చుని హేమంత్‌కుమార్ ఇచ్చిన సూచనల కాగితం తీసింది. పదహారు సూచనలు. దారిలో చెత్త వేయరాదు, పక్షులపై రాళ్ళు వేయరాదు వగైరా. నాలుగోది అంతకుముందు చదివినా పట్టించుకోలేదు. ఊరివాళ్ళు రోజూ నడిచే దారినే నడిచి గీత గియ్యాలి.

ఆమె ఫోన్ తెరిచి రెండు తలుపుల మధ్య పడ్డ గీతను మాత్రం చెరిపేసింది. ఈ ముక్క నిజంగా చెరపాలా అని ఫోన్ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నొక్కింది.

శుక్రవారం ఆరున్నరకల్లా చివరిపేటలో ఉంది. మంచు ఇంకా విడలేదు. ఆడవాళ్ళు ఆరుగురు మావుల్లో పడ్డ చేపల్ని సత్తు బేసిన్లలో సర్దుకుంటున్నారు. మావులంటే నీళ్ళలో గుచ్చిన వెదురు బోనులు. జెల్లలు, మట్టగిడసలు, రెండు కొరమేనులు. ఎనిమిదింటికి రేవులో చేపల వేలంపాట. అప్పటికి చేరకపోతే ఐసుబళ్ళు వెళ్ళిపోతాయి. లోపలి రోడ్డున చుట్టి వెళ్తే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ, చేప చచ్చిపోతుంది.

"మీతో వస్తానండి," అంది ఇందుజ.

"రేవుకాండీ? ఎందుకండీ, రోడ్డున ఆటో ఉంది," అంది వీరరాఘవమ్మ.

"మీరెటు వెళ్తే అటు."

"మేం నీళ్ళలో ఎల్తాం."

"నేనూనండి."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సాయిదుర్గ అని వాళ్ళలో చిన్నది, నోరున్నది, బేసిన్ నెత్తిన పెట్టుకుంటూ, "బట్టలు పాడైతే మళ్ళీ మామీద కేసు పెడతారేమో చూడండే," అంది.

మూసిన తలుపు దాకా గట్టు మీద నడిచారు. తలుపు దగ్గర ఎవరూ ఆగలేదు. అసలటు చూడను కూడా లేదు. గోడ ఉన్నచోట మనిషి ఎలా తిరుగుతాడో అలా పక్కకు తిరిగి దిగారు. కాలవ ముప్పై అడుగుల వెడల్పు. ఇందుజ ఫోన్‌ను ఐసు కవర్లో చుట్టి పైకెత్తి పట్టుకుంది. మొదటి అడుగుకే చలి మోకాళ్ళలోకి ఎక్కింది. రెండో అడుగుకు చెప్పు బురదలో ఉండిపోయింది.

"వదిలెయ్యండి, దొరకదు. నా అడుగులో అడుగెయ్యండి. ఇటు గుంట ఉంది," అంది వీరరాఘవమ్మ. ఆవిడ నెత్తిన బేసిన్ కదలడం లేదు. కింద కాళ్ళు మాత్రం వెతుక్కుంటున్నాయి.

నీళ్ళు నడుం దాటాయి. గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకు చుట్టుకున్నాయి. ఇందుజ తూలి, ముందున్నావిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"గవర్నమెంటు నీళ్ళలో దిగింది చూడండే!" అని వెనకనుంచి సాయిదుర్గ కేకేసింది. అందరూ నవ్వారు. బేసిన్లలో చేపలు టపటపలాడాయి.

ఇందుజ చేతిలోని ఫోన్ మాత్రం నోరెత్తలేదు. పొడి గట్టు మీద నడిచినంతసేపూ మీరు నీటిలో ఉన్నారని చంపుకుతిన్నది, నిజంగా నీళ్ళలో దిగితే ఒక్క మాట అడగలేదు. దాని పటంలో కాలవ ఉన్నచోట నేల ఉన్నట్టుంది.

అవతలికి ఎక్కాక వీరరాఘవమ్మ వంగి ఇందుజ పిక్క మీదినుంచి ఒక జలగను లాగి పారేసింది. "ఉప్పు పెట్టుకోండి ఇంటికెళ్ళి."

"ఇలా తడిబట్టలతోనే పాటలో నిలబడతారా పిన్నిగారూ?"

"నిలబడితే ఆరతాయి కదమ్మా."

"గేటు తియ్యమని ఎవరినీ అడగలేదా?"

"అడక్కేం? పెట్టిన ఏడాది అడిగాం. తర్వాత ఏడాదీ అడిగాం. రొయ్యలు పోతాయంటారు. మా చేపలు మేం మోసుకోలేక చస్తన్నాం, ఆయన రొయ్యలెక్కడ మొయ్యం?" చీర కొంగు పిండుకుంది. "మీ గీత పడిందా?"

ఇందుజ కవర్ విప్పి చూసింది. నీలం గీత తలుపు ముందు వంగి, కాలవను కోసుకుని, ఇవతల గట్టెక్కింది.

"పడిందండి."

శనివారం హేమంత్‌కుమార్ టోపీలు, నీళ్ళ సీసాలు దింపించే హడావిడిలో ఉన్నాడు. టోపీల మీద ఊరి పేరు తప్పు పడింది. ఫోన్లో ఎవరినో తిడుతూనే ఇందుజను చూసి కనుబొమలెగరేశాడు.

"గీత కలిసిందా?"

"కలిసిందండి."

"మొత్తం పంతొమ్మిదీ?"

"పద్దెనిమిదిన్నరండి."

"పోన్లెండి, కాస్త తగ్గితే నష్టమేం లేదు." ఆమె చాపిన ఫోన్లో, తెరిచి చూడకుండానే, ఆమోదించు అన్నచోట వేలు పెట్టాడు. "రాజుగారి లెటర్ తగిలించారా?"

"తగిలించే చోటు రాలేదండి." అది నిజమే. దారిలో తలుపులున్నాయా అని ఫోన్ అడుగుతుంది. ఉన్నాయంటేనే కాగితానికి చోటు చూపిస్తుంది. నీళ్ళకు తలుపులుండవు.

"ఏం యాప్‌లో ఏంటో," అని విసుక్కుని అతను టోపీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇందుజ ఆమోదమైన గీతను రెండుసార్లు తెరిచి చూసుకుంది. మార్చిలో తన ఉద్యోగం పొడిగించాలా వద్దా అని అడిగేది ఇలాంటివాళ్ళనే.

ఆదివారం రేవులో అరవైమంది దాకా పోగయ్యారు. ప్రారంభించడానికి ఏలూరు నుంచి వచ్చిన అధికారి వెంకటసుబ్బలక్ష్మిగారు రిబ్బన్ కత్తిరించి ఊరుకోలేదు. కాన్వాసు బూట్లు వేసుకొచ్చారు, నడుస్తానన్నారు. ఫోన్లో దారి తెరిచి చేత్తో పట్టుకుని ముందు నడిచారు. ఇందుజ బుధ గురువారాల్లో చుట్టొచ్చిన దారి ఇప్పుడు చివరినుంచి మొదలైంది. కాబట్టి అర కిలోమీటరుకే కనకరాజుగారి తలుపు వచ్చింది.

తలుపుకు మామిడి తోరణం కట్టారు. రెండు రెక్కలూ తీసి ఇటుకరాళ్ళు అడ్డంపెట్టారు. కాలవ అవతల ఉన్న తలుపు కూడా తీసినట్టు కనిపిస్తోంది. కనకరాజుగారు చేతులు జోడించి నిలబడ్డారు.

"ఎడమకు తిరగండి," అంది మేడమ్‌గారి ఫోన్.

ఆవిడ ఆగారు. ఎడమ పక్క కాలవ.

"సిగ్నల్ ప్రాబ్లం మేడమ్. స్ట్రెయిటే, స్ట్రెయిటే," అన్నాడు హేమంత్‌కుమార్.

"మాకూ ఎడమకే అంటోందండీ," అని వెనకనుంచి ఎవరో అన్నారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు సత్యనారాయణమూర్తిగారు నాలుగడుగులు ఎడమకు వేసి, నీటి అంచున నిలబడి, బూట్ల వైపూ ఫోన్ వైపూ చూసుకున్నారు. "ఇందులోకి దిగమంటోందేంటండీ?"

"ఈ గీత ఎవరు నడిచారు?" అన్నారు మేడమ్.

హేమంత్‌కుమార్ తల తిప్పి ఇందుజను వెతికాడు. ఆమె ముందుకొచ్చింది.

"నేనేనండి."

"నీళ్ళలోంచా అమ్మా?"

"నీళ్ళలోంచేనండి. ఊరివాళ్ళు రోజూ నడిచేది అటేనండి."

"మరి ఈ గేటు?"

"ఇవాళ తీశారండి."

హేమంత్‌కుమార్ పళ్ళ మధ్యనుంచి, "ఏంటండీ ఇది, ముందు చెప్పొద్దా?" అన్నాడు. కనకరాజుగారు రొయ్యల దొంగతనాల గురించి మొదలుపెట్టారు. ఆయన చెప్తుండగానే కాలవ అవతల ఆడవాళ్ళు ఆరుగురు వచ్చారు. నెత్తిన బేసిన్లు. తీసి ఉన్న తలుపు ముందుకొచ్చారు. అలవాటుగా పక్కకు తిరిగారు. చీరలు ఎగదోపుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు కాలవలోకి దిగారు.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చూశారు. వాళ్ళు నడిమికి వచ్చేదాకా చూసి, గొంతెత్తారు.

"అమ్మా! గేటు తీసే ఉంది కదా, ఇటు రావచ్చుగా?"

ముందున్న వీరరాఘవమ్మ నీళ్ళలోనే ఆగింది. తల తిప్పితే బేసిన్ ఒరుగుతుందని కళ్ళు మాత్రం తిప్పింది.

"అది మీకండి," అంది. కోపంగా అనలేదు. అడిగినావిడకు తెలియదని చెప్పినట్టు అంది. "మాకు పాట టైమవుద్దండి, వస్తాం." నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళి గట్టెక్కి, టోపీలవాళ్ళ మధ్యనుంచి, చీరల నీళ్ళు వాళ్ళ బూట్ల మీద పడుతుండగా, రేవు దారి పట్టారు.

"గట్టెవరిదండీ?" అని మేడమ్ కనకరాజుగారిని అడిగారు.

"లీజు నాదే మేడమ్."

"చెరువులు లీజా, గట్టు లీజా?"

ఆయన హేమంత్‌కుమార్ వైపు చూశారు. ఇందుజ అంది, "ఈ మట్టంతా వాళ్ళే వేశారండి. మొన్న గురువారం. మట్టి వెయ్యడానికి తలుపు తీస్తారండి."

మేడమ్ ఆ కొత్త మట్టిని బూటు కొసతో తట్టి చూశారు. గట్టు సంగతి ఇక్కడ నిలబడి తేల్చేది కాదనీ, కాగితాలు పంపమనీ అన్నారు. ఆ తర్వాత హేమంత్‌కుమార్‌తో, "నేనీ అరవైమందినీ నీళ్ళలో దించలేను. గేటు ఉన్న దారిని పటంలో ఎక్కించాలంటే మీ రూలు ప్రకారమే ఊరివాళ్ళు దానిమీద నడవాలి కదా? ఏదో ఒక మామూలు రోజున నడిపించి గీత పంపండి. ఈ వారంలో రాకపోతే లోపలి రోడ్డున వేసేద్దాం. ఈ చెరువుల వైపే రావక్కర్లేదు," అన్నారు.

కనకరాజుగారు తల తిప్పి సిమెంటు స్తంభాల వైపు చూసుకున్నారు.

సోమవారం పొద్దున్నే అబ్బులు చివరిపేటకొచ్చాడు. ఇందుజ అప్పటికే అక్కడుంది, హేమంత్‌కుమార్ రాత్రంతా పెట్టిన పదకొండు మెసేజీలు చూసుకుని వచ్చింది. అబ్బులు సైకిల్ దిగకుండానే వీరరాఘవమ్మ ముందు కాలు ఆనించాడు.

"తలుపులు తీశానమ్మా. ఇవాళ గట్టు మీద వెళ్ళమన్నారు రాజుగారు. అందరినీ."

"ఇవాళా?"

"ఇవాళే. ఈ అమ్మాయిగారి ఫోన్లో పడాలంట."

"రేపో?"

అబ్బులు బెల్లు మీద వేలితో తట్టుకున్నాడు. "రేపటి సంగతి నాకు చెప్పలేదు."

"అయితే నీళ్ళే బాగున్నాయిలే."

గట్టు మీద తలుపు దాకా నడిచారు. తీసిన తలుపు ముందు ఆరుగురూ ఆగారు. అలా ఆగడం ఇందుజ మొదటిసారి చూసింది. వీరరాఘవమ్మ బేసిన్ దించి గట్టు మీద పెట్టింది. మిగిలినవాళ్ళూ దించారు. కూర్చున్నారు.

"ఏంటమ్మా ఇది? పాట టైమవట్లేదా?" అన్నాడు అబ్బులు.

"అవుతోంది."

"మరి నడండి!"

"తలుపుంటే నడవం. ఊడదీస్తే నడుస్తాం. అదీ, ఆ చివరిదీ, రెండూను."

అబ్బులు నెత్తి కొట్టుకున్నాడు. ఫోన్ చేశాడు. అవతలి గొంతు ఇవతలికి వినబడుతోంది. అంతలో ఇందుజ ఫోన్ కూడా మోగింది.

"ఏమైందండీ? మొదలెట్టారా?" హేమంత్‌కుమార్.

"లేదండి. కూర్చున్నారండి."

"కూర్చోడమేంటండీ? లేవమనండి! పోనీ మీరొక్కరే నడిచెయ్యండి, ఎవరు చూడొచ్చారు?"

ఇందుజ గట్టు మీది ఆరు బేసిన్లనూ చూసింది. జెల్లలు నోళ్ళు తెరుస్తున్నాయి. ఏడూ ఇరవై. ఎనిమిదింటికి చేరకపోతే ఈ రోజు చేపల నష్టం వీళ్ళదే, ఇంకెవరిదీ కాదు.

"నేను ఊరిదాన్ని కాదు కదండీ," అంది.

"మీ మూలంగానే ఇదంతా! ఆఫీసులో నేనేం చెప్పుకోవాలి?"

"కూర్చున్నారని చెప్పండి."

పెట్టేసింది. ఫోన్ పక్కన పెట్టి తనూ కూర్చుంది. సాయిదుర్గ కాస్త జరిగి చోటిచ్చింది. కాలవలోంచి నీళ్ళు దోసిట్లో తెచ్చి చేపల మీద చల్లింది. "మీ జలగ తగ్గిందాండీ?" అని అడిగింది.

ఏడున్నర. ఒక కొరమేను బేసిన్లోంచి ఎగిరి గట్టు మీద పడింది. వీరరాఘవమ్మ దాన్ని తీసి మట్టి దులిపి మళ్ళీ వేసింది. ఏడూ ముప్పై అయిదు. ఎవరూ గడియారం చూడడం లేదు, ఇందుజ తప్ప.

అబ్బులు ఫోన్‌కు అరచెయ్యి అడ్డంపెట్టుకున్నా కనకరాజుగారి మాట వినిపించింది. "తీసి పారెయ్ రా బాబూ, ఇంక వేగలేను. గీతేదో పడనీ. మళ్ళీ పెట్టుకోలేమా ఏంటి?"

అబ్బులు తలెత్తి చూశాడు. అందరూ విన్నారని అర్థమైంది.

"మళ్ళీ పెడితే మళ్ళీ నీళ్ళలో దిగుతాం," అంది వీరరాఘవమ్మ. "ఈ అమ్మాయి గీత కూడా మాతోనే దిగుద్ది. అది కూడా చెప్పు ఆయనకి."

ఇందుజ తల ఊపింది. తనను ఎవరూ అడగలేదు. అయినా ఊపింది.

తలుపు బందులు తుప్పు పట్టి ఉన్నాయి. అబ్బులు గునపం తెచ్చి కింద పెట్టి ఎత్తాడు, కదల్లేదు. సాయిదుర్గ లేచి, ఇంకొకావిడ లేచి, రెక్క పట్టుకున్నారు. మూడోసారి ఎత్తితే ఒక రెక్క కీచుమని లేచింది. దాన్ని ముళ్ళకంచె పక్కకు మోసుకెళ్ళి పడేశారు. రెండోది సులువుగానే వచ్చింది. చివరి తలుపు కోసం అబ్బులు గునపం సైకిల్‌కు కట్టుకుని ఆరువందల మీటర్లూ తొక్కుకుంటూ వెళ్ళాడు. కాసేపటికి కాలవ అవతల ఇనుము నేలమీద పడ్డ చప్పుడైంది. ఇంకోసారైంది.

ఏడూ యాభై.

తలుపు ఉన్నచోట రెండు స్తంభాలు మిగిలాయి. వాటి మధ్యనుంచి గట్టు అడ్డం లేకుండా కనిపిస్తోంది. ఇందుజ లేచి, ఫోన్ తీసి పట్టుకుంది. వీరరాఘవమ్మ తలమీద చుట్టకుదురు సర్దుకుని, వంగి బేసిన్ ఎత్తుకుంది. మిగిలిన అయిదుగురూ ఎత్తుకున్నారు.

"నొక్కావా అమ్మాయ్?" అంది ఇందుజతో.

"నొక్కాను పిన్నీ."

"అయితే నడండే, పాటైపోద్ది!"